కారణానికి కోట్లు, ఆలనకు అరకొర

గర్భిణులు టైలెనాల్ వేసుకోవద్దని అమెరికా అధ్యక్షుడు డొనాల్డ్ ట్రంప్ 2025 సెప్టెంబరు 22న వాషింగ్టన్‌లో చెప్పిన మాట ఒక్క రాత్రిలో ప్రపంచమంతా పాకింది. మన ఇళ్లలో జ్వరానికి వాడే పారాసెటమాల్‌కే అక్కడ ఆ పేరు. ఆ మాత్ర వల్ల పిల్లలకు ఆటిజం వస్తుందని రుజువు కాలేదని వైద్య సంఘాలు వెంటనే అభ్యంతరం చెప్పాయి. ఈ గొడవలో అదే రోజు వెలువడిన మరో ప్రకటన చాలామంది కంట పడలేదు. అమెరికా ప్రభుత్వ వైద్య పరిశోధన సంస్థ ఎన్‌ఐహెచ్ ఆటిజంపై 13 ప్రాజెక్టులకు 5 కోట్ల డాలర్లకు పైగా కేటాయించింది. ఆటిజం ఎందుకు వస్తోంది, కేసులు ఎందుకు పెరుగుతున్నాయి అన్న ప్రశ్నల చుట్టూ తిరిగేవే వాటిలో ఎక్కువ.

మూడేళ్ల కొడుకు పిలిస్తే పలకడం లేదని, కళ్లలోకి చూడటం లేదని డాక్టరు దగ్గరికి వెళ్లిన తల్లిదండ్రుల మనసులో రెండు ప్రశ్నలుంటాయి. మా బిడ్డకే ఎందుకిలా అయింది? రేపటి నుంచి మేం ఏం చేయాలి? మొదటిది నిద్ర పట్టనివ్వని ప్రశ్న. రెండోదానికి జవాబు దొరక్కపోతే ఆ ఇంట్లో రోజు గడవదు. దశాబ్దాలుగా ప్రభుత్వాల పరిశోధన నిధులు మొదటి ప్రశ్న వెంటే ఎక్కువగా నడిచాయి. రెండో ప్రశ్నకు విదిల్చిన కొద్ది సొమ్ముతోనే ఎంత తెలిసిందో చూస్తే, ఈ తూకం ఇలాగే కొనసాగడం పిల్లలకు అన్యాయమని అర్థమవుతుంది.

ఆటిజం పరిశోధనకు భారీగా ఖర్చు పెట్టే ప్రభుత్వాల్లో అమెరికాది ముందు వరస. 2006 డిసెంబరులో జార్జి బుష్ సంతకం చేసిన చట్టం ఐదేళ్లలో దాదాపు 94.5 కోట్ల డాలర్ల ఖర్చుకు వీలు కల్పించింది. 2014లో ఒబామా హయాంలో అది ‘ఆటిజం కేర్స్’ చట్టమైంది. 2019లో ట్రంప్, 2024 డిసెంబరులో బైడెన్ దాన్ని మరో ఐదేళ్ల చొప్పున పొడిగించారు. చివరి పొడిగింపు విలువ దాదాపు 195 కోట్ల డాలర్లు. ప్రయోగశాలల ఖర్చుతో పాటు పిల్లల లెక్కల సేకరణ, వైద్య సిబ్బంది శిక్షణ కూడా ఈ మొత్తంలోనే ఉన్నాయి. ఆ లెక్కల వల్లే, 2000లో ఎనిమిదేళ్ల పిల్లల్లో 150 మందికి ఒకరిలో కనిపించిన ఆటిజం 2022 నాటికి 31 మందికి ఒకరిలో కనిపిస్తోందని తెలిసింది. నిర్ధారణ ప్రమాణాలు విస్తరించడం, అవగాహన పెరగడం, ఇదివరకు ఎవరి దృష్టికీ రాని పేద కుటుంబాల, నల్లజాతి కుటుంబాల పిల్లలు ఇప్పుడు నమోదు కావడం ఈ పెరుగుదలలో పెద్ద పాత్ర పోషించాయి.

ఏ రకం పరిశోధనకు ఎంత పోతోందో అక్కడి ఫెడరల్ సమన్వయ కమిటీయే లెక్క తీసి బయటపెడుతుంది. అందుకు ఆ ప్రభుత్వాన్ని మెచ్చుకోవాలి. ఆ లెక్కల్లో ఏటా కనిపించేది మాత్రం దాదాపు ఒకే వరుస. జీవశాస్త్రం, జన్యువులు, ప్రమాద కారకాలు కలిసి సగానికి పైగా తీసుకుంటాయి. పిల్లలకు సేవలు ఎలా అందుతున్నాయి, ఎలా అందితే మేలు అన్న పరిశోధనకు దక్కేది పది శాతంలోపే. ఆటిజం ఉన్న పిల్లలు పెద్దవాళ్లయ్యాక ఎలా బతుకుతున్నారన్న అంశానికి అంతకన్నా తక్కువ. బ్రిటన్‌లోనూ ఇదే కథ. 2013లో వెలువడిన ఒక నివేదిక కోసం లిజ్ పెలికానో, టోనీ చార్మన్ తదితరులు 2007 నుంచి 2011 వరకు అక్కడ ఆటిజం పరిశోధనకు ఇచ్చిన 2.08 కోట్ల పౌండ్లను పద్దుల వారీగా విడదీశారు. 56 శాతం మెదడు, జీవశాస్త్రం, మేధో ప్రక్రియల మీదే ఖర్చయింది. మరి డబ్బు ఎటు వెళ్లాలని ఆటిజం ఉన్నవారినీ, తల్లిదండ్రులనూ, టీచర్లనూ అడిగితే వాళ్లు చెప్పినవి వేరు: రోజువారీ జీవన నైపుణ్యాలు, అందుబాటులో ఉండే సేవలు, బడి, ఉద్యోగం.

కారణాల పరిశోధన వృథా అనడం ఇక్కడి ఉద్దేశం కాదు. ఆటిజంలో వారసత్వం పాత్ర ఎంత బలమైనదో ఆ పరిశోధనే తేల్చింది. ఒకప్పుడు తల్లి ప్రేమ చాలకే బిడ్డ ఇలా అయ్యాడని డాక్టర్లే నిందించేవారు. ఆ నిందను తుడిచేసింది జీవశాస్త్రమే. తట్టు, గవదబిళ్లలు, రుబెల్లా రాకుండా వేసే ఎంఎంఆర్ టీకాకూ ఆటిజానికీ సంబంధం ఉందని సూచిస్తూ ఆండ్రూ వేక్‌ఫీల్డ్ 1998లో లాన్సెట్‌లో వేసిన పత్రాన్ని ఆ పత్రిక 2010లో ఉపసంహరించుకుంది. ఆ అబద్ధాన్ని అబద్ధమని నిరూపించడానికి దేశదేశాల్లో లక్షల మంది పిల్లల రికార్డులు వెతకవలసి వచ్చింది. 2019లో ఒక్క డెన్మార్క్ అధ్యయనమే ఆరున్నర లక్షల మందికి పైగా పిల్లల వివరాలు పరిశీలించి, ఎంఎంఆర్ టీకాకూ ఆటిజానికీ సంబంధం లేదని చెప్పింది. అవసరమైన పనే. కానీ జవాబు దొరికిన ప్రశ్నను రాజకీయం మళ్లీ మళ్లీ తవ్వుతుంటే, అందుకు పోయే ప్రతి డాలరూ ఎవరో ఒక పిల్లవాడి ఆలన మీద జరగాల్సిన పరిశోధనకు దూరమవుతుంది.

ఆలన మీద పెట్టిన ప్రభుత్వ సొమ్ము ఏం చేయగలదో చెప్పడానికి మాంచెస్టర్‌లో మొదలైన ఒక ప్రయోగాన్ని కొంచెం వివరంగా చూడాలి. దాని పేరు ‘పాక్ట్’. కేథరిన్ ఆల్‌డ్రెడ్ అనే స్పీచ్ థెరపిస్టు, పిల్లల మానసిక వైద్యుడు జొనాథన్ గ్రీన్ తదితరులు 28 మంది పిల్లలతో చేసిన చిన్న పరీక్ష ఫలితాలు 2004లో వచ్చాయి. వాటిలో ఆశ కనిపించింది. దాన్ని పెద్ద ఎత్తున పరీక్షించడానికి బ్రిటన్ మెడికల్ రీసెర్చ్ కౌన్సిల్, పిల్లల సంక్షేమంతో పాటు బడులనూ చూసే మంత్రిత్వ శాఖ కలిసి డబ్బు పెట్టాయి. మాంచెస్టర్, లండన్, న్యూకాజిల్‌లలో రెండు నుంచి ఐదేళ్ల లోపు వయసున్న 152 మంది పిల్లలను ఎంచుకుని, లాటరీ పద్ధతిలో రెండు జట్లుగా విడదీశారు. ఒక జట్టుకు మామూలుగా అందే సేవలు. రెండో జట్టుకు ఆ సేవలతో పాటు పాక్ట్.

పద్ధతి చెప్పుకోవడానికి చాలా మామూలుగా ఉంటుంది. తల్లో తండ్రో బిడ్డతో కాసేపు ఆడుకుంటారు. దాన్ని వీడియో తీస్తారు. తర్వాత థెరపిస్టు, తల్లి పక్కపక్కన కూర్చుని ఆ వీడియో చూస్తారు. బిడ్డ బొమ్మకారు చక్రం తిప్పుతూ ఒక్క క్షణం తలెత్తి అమ్మ వైపు చూశాడనుకుందాం. ఆడుతున్నప్పుడు అది ఆమె కంట పడి ఉండదు. వీడియోలో అక్కడ ఆపి, ఇదిగో ఇక్కడ వాడు మీతో ఏదో చెప్పబోయాడు, ఇక్కడ మీరేం చేస్తే బాగుండేది అని మాట్లాడుకుంటారు. వాడిని ఇటు చూడు, ఇది చెప్పు, అది పట్టుకో అని తొందరపెట్టడం తగ్గించి, వాడి దృష్టి ఎక్కడుందో అక్కడికి వెళ్లి, వాడు చేస్తున్నదానికి చిన్న మాట జోడించడం తల్లిదండ్రులు నేర్చుకుంటారు. ఆరు నెలల పాటు పదిహేను రోజులకొకసారి, తర్వాత ఆరు నెలలు నెలకొకసారి ఈ సెషన్లు. మిగతా రోజుల్లో ఇంట్లో రోజూ అరగంట సాధన. ఇక్కడ మార్పు మొదలవ్వాల్సింది బిడ్డలో కాదు, బిడ్డను గమనించే పెద్దల్లో.

2010లో లాన్సెట్‌లో ఫలితాలు వచ్చినప్పుడు నిరాశే ఎదురైంది. తల్లిదండ్రుల తీరు బాగా మారింది. పిల్లలు తమంతట తాము పలకరించడం పెరిగింది. కానీ ఆటిజం లక్షణాల తీవ్రతను కొలిచే ప్రధాన పరీక్షలో రెండు జట్ల మధ్య చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. చాలాచోట్ల అయితే ఫైలు అక్కడితో మూసేసేవారు. వీళ్లు మూయలేదు. దాదాపు ఆరేళ్ల తర్వాత అవే కుటుంబాల తలుపులు మళ్లీ తట్టారు. 152 మందిలో 121 మంది దొరికారు. 2016 అక్టోబరులో లాన్సెట్‌లోనే రెండో విడత ఫలితాలు వచ్చాయి. మామూలు సేవలు పొందిన జట్టులో తీవ్ర లక్షణాలున్న పిల్లల శాతం మొదట 50 ఉంటే, అది 63కు పెరిగింది. పాక్ట్ జట్టులో 55 ఉన్నది 46కు తగ్గింది. ఏడాదితో ముగిసిన శిక్షణ ఫలితం ఐదారేళ్ల తర్వాత కూడా నిలిచి ఉండటం ఈ రంగంలో అరుదు. పిల్లల భాషలో గానీ ఆందోళనలో గానీ తేడా కనిపించలేదని కూడా ఆ పత్రం దాచకుండా చెప్పింది. ఇది నయం చేసే మందు కాదని పరిశోధకులే మొదట చెప్పారు.

తర్వాత ఇదే బృందం పాక్ట్‌ను కొంచెం పెద్ద పిల్లలకూ విస్తరించి, ఇంటితో పాటు బడిలో కూడా అమలుచేసి చూసింది. ఈ పరీక్షకూ ప్రభుత్వ నిధులే. రెండు నుంచి 11 ఏళ్ల వరకు వయసున్న 249 మంది పిల్లలతో చేసిన ఆ పరీక్ష ఫలితం 2022లో వచ్చింది. ఆటిజం లక్షణాలపై అదనపు ప్రభావం కనిపించలేదు. దీన్ని ఎవరూ దాచిపెట్టలేదు, ప్రచురించారు. ఏది పనిచేయదో తెలిస్తే దాని మీద వేల కుటుంబాలు పెట్టబోయే డబ్బూ, కాలమూ మిగులుతాయి. లాభం కోసం నడిచే సంస్థ ఇంత నిక్కచ్చిగా తన సరుకునే ఓడించుకోదు. ప్రజల సొమ్ము ఇలాంటి పరీక్షలకు ఎందుకు వెళ్లాలో చెప్పడానికి ఇంతకంటే బలమైన కారణం వెతకనక్కర్లేదు.

మాంచెస్టర్ పద్ధతి మన దేశానికి గోవా మీదుగా వచ్చింది. అక్కడి ‘సంగత్’ సంస్థ, పాకిస్తాన్‌లోని రావల్పిండి బృందం కలిసి రెండు నుంచి తొమ్మిదేళ్ల పిల్లలు 65 మందితో దీన్ని పరీక్షించాయి. బ్రిటన్‌లో ఈ శిక్షణ ఇచ్చింది స్పీచ్ థెరపిస్టులు. దక్షిణాసియాలో అంతమంది థెరపిస్టులు ఎక్కడున్నారు? అందుకే ఆటిజంలో నిపుణులు కాని ఆరోగ్య కార్యకర్తలకు తర్ఫీదు ఇచ్చి, వాళ్ల చేత ఆరు నెలల్లో 12 సెషన్లు నడిపించారు. లాన్సెట్ సైకియాట్రీలో వచ్చిన ఫలితాల ప్రకారం, తల్లిదండ్రులు బిడ్డ తీరుకు తగ్గట్టు స్పందించడం బాగా పెరిగింది, పిల్లలు చొరవ తీసుకుని పలకరించడమూ పెరిగింది. అనుకోని ఫలితం ఒకటి వచ్చింది. బిడ్డ, తల్లి ఒకే వస్తువు మీద కలిసి దృష్టి పెట్టే సమయం తగ్గింది. బ్రిటన్‌లో జరిగినదంతా ఇక్కడా అచ్చంగా జరగదన్నమాట. పద్ధతి ఊరు మారితే మళ్లీ పరీక్షించక తప్పదని ఆ ఒక్క ఫలితం చెబుతోంది.

ఈ పరీక్షకు డబ్బిచ్చింది అమెరికాలోని ‘ఆటిజం స్పీక్స్’ అనే స్వచ్ఛంద సంస్థ. తర్వాత ఢిల్లీలో ఇంకా పెద్ద స్థాయిలో మొదలైన ప్రయోగానికి బ్రిటన్ ప్రభుత్వ పరిశోధన నిధులు దన్నుగా నిలిచాయి. ఢిల్లీ పిల్లలకు ఏ పద్ధతి పనికొస్తుందో తెలుసుకోవడానికి బ్రిటిష్ పన్ను చెల్లింపుదారుడి సొమ్ము వచ్చిందంటే ఆ దేశానికి కృతజ్ఞత చెప్పాలి. ఆ ప్రశ్న మనది కదా, దాని ఖర్చు మనం ఎందుకు భరించలేదని మన ప్రభుత్వాలను నిలదీయాలి కూడా.

చట్టంలో లోటు లేదు. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం ఆటిజాన్ని 21 రకాల వైకల్యాల్లో ఒకటిగా గుర్తించింది. అందులో 25వ సెక్షన్ వైకల్యాలకు కారణాలపై సర్వేలు, పరిశోధనలు చేయించాలని ప్రభుత్వానికి చెబుతుంది. 28వ సెక్షన్ మరో అడుగు ముందుకేసి, పునరావాసాన్ని మెరుగుపరిచే అంశాలపై పరిశోధన చేయాలని, చేయించాలని ఆదేశిస్తుంది. రెండు ప్రశ్నలూ ఒకే చట్టంలో ఉన్నాయి. 28వ సెక్షన్‌కు బడ్జెట్‌లో దక్కాల్సిన చోటు గురించి మాత్రం చట్టసభల్లో ప్రశ్నలు అడిగేవాళ్లు తక్కువ.

సంస్థల్లోనూ లోటు లేదు. అందులో ముఖ్యమైనది తెలుగువాళ్ల నట్టింట్లోనే ఉంది. సికింద్రాబాద్ మనోవికాస్‌నగర్‌లో 1984లో ఏర్పడిన జాతీయ మానసిక వికలాంగుల సంస్థ ఇప్పుడు ‘నీపిడ్’ పేరుతో నడుస్తోంది. ఆటిజం నిర్ధారణకు, వైకల్య శాతం లెక్కకట్టడానికి దేశమంతా వాడుతున్న 40 ప్రశ్నల భారతీయ కొలమానాన్ని రూపొందించి, సరిచూడటంలో ఈ సంస్థది కీలక పాత్ర. చిన్నపిల్లల్లో వైకల్యాలను ముందే గుర్తించి సాయపడేందుకు 2021 జూన్‌లో దేశవ్యాప్తంగా మొదలైన 14 కేంద్రాల్లో సికింద్రాబాద్ ఒకటి.

పిల్లల లెక్కల విషయంలోనూ హైదరాబాద్‌కు చోటు దక్కింది. డాక్టర్ నరేంద్ర అరోరా నాయకత్వంలో ఇన్‌క్లెన్ అనే పరిశోధన సంస్థ బృందం రెండు నుంచి తొమ్మిదేళ్ల పిల్లలు దాదాపు నాలుగు వేల మందిని పరీక్షించి 2018లో ప్రచురించిన అధ్యయనం అయిదు చోట్ల జరిగింది. హర్యానాలోని పల్వల్, హిమాచల్‌లోని కాంగ్రా, ఒడిశాలోని ఢెంకనాల్, ఉత్తర గోవా, హైదరాబాద్. ఆటిజం నూటికి దాదాపు ఒకరిలో కనిపించింది. ఎదుగుదలకు సంబంధించిన తొమ్మిది రకాల లోపాలనూ కలిపి చూస్తే, ప్రాంతాన్ని బట్టి నూటికి ముగ్గురు మొదలు 18 మంది దాకా పిల్లలకు ఏదో ఒక ఇబ్బంది ఉంది. ఈ బృందం తయారుచేసిన ఆటిజం నిర్ధారణ పరికరానికి తెలుగు రూపం కూడా ఉంది. 2011 జనగణన వైకల్యాల పట్టికలో ఆటిజానికి విడిగా గడి కూడా లేదు కాబట్టి, ఈ అధ్యయనం విలువ ఇంకా ఎక్కువ.

లెక్క తేలాక ఏం జరగాలి? గుర్తించిన పిల్లవాడికి ఏ సాయం, ఎవరి చేత, ఎంతకాలం అందితే మేలు జరుగుతుందో తేల్చాలి. ఇక్కడికి వచ్చేసరికి చేతులు ఖాళీ. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద సంచార వైద్య బృందాలు అంగన్‌వాడీలకు, బడులకు వెళ్లి పిల్లలను చూస్తాయి. అనుమానం ఉన్నవాళ్లను జిల్లా కేంద్రంలోని సత్వర చికిత్స కేంద్రానికి (డీఈఐసీ) పంపుతాయి. ఎంతమందిని చూశారు, ఎంతమందిని పంపారు అన్న అంకెలు నివేదికల్లో ముందుంటాయి. పంపిన పిల్లవాడు ఏడాది తర్వాత ఎలా ఉన్నాడన్న అంకె అంత తేలిగ్గా కనిపించదు. తల్లిదండ్రులు వైకల్య సర్టిఫికెట్ తెచ్చుకుంటారు. అర్హత ఉంటే ఆంధ్రప్రదేశ్‌లో నెలకు 6,000, తెలంగాణలో 4,016 రూపాయల పింఛను. నేషనల్ ట్రస్టు నిరామయ పథకంలో చేరితే లక్ష రూపాయల వరకు ఆరోగ్య బీమా. ఇవన్నీ కావలసినవే. కానీ ఆ పింఛను డబ్బుతో తల్లి ఏ థెరపీ కొనుక్కోవాలో చెప్పగల పరిశోధన తెలుగు నేల మీద జరగలేదంటే, ఇస్తున్న డబ్బు కూడా చీకట్లో ఖర్చవుతున్నట్టే.

ఆ చీకట్లోనే వ్యాపారం పెరిగింది. హైదరాబాద్, విజయవాడ, విశాఖల్లో థెరపీ సెంటర్ల బోర్డులు వీధివీధినా కనిపిస్తున్నాయి. వాటిలో ఓపికగా, నిజాయతీగా పనిచేసేవి చాలా ఉన్నాయి. అయితే చాలాచోట్ల ఫీజు గంటల లెక్కన ఉంటుంది. గంటలు పెంచితే మార్పు తొందరగా వస్తుందన్న మాట తల్లిదండ్రుల చెవిన పడుతూనే ఉంటుంది. ఉన్న పొలం అమ్మి, ఊరు వదిలి, పిల్లవాడి థెరపీ కోసమే నగరంలో అద్దెకు దిగే కుటుంబాలున్నాయి. ఈ నమ్మకానికి మూలం 1987లో లాస్ ఏంజెలిస్‌లో ఇవార్ లోవాస్ ప్రచురించిన అధ్యయనంలో ఉంది. వారానికి 40 గంటల శిక్షణ ఇచ్చిన 19 మంది పిల్లల్లో తొమ్మిది మంది మామూలు పిల్లల్లా అయ్యారని ఆయన రాశారు. ఆ పిల్లలను లాటరీ పద్ధతిలో ఎంచుకోలేదు, శిక్షణలో దెబ్బలు కూడా ఒక సాధనంగా ఉన్నాయి. 2024లో మికీల్ శాండ్‌బ్యాంక్ తదితరులు 144 అధ్యయనాలను, తొమ్మిది వేలకు పైగా పిల్లల వివరాలను జల్లెడ పట్టారు. గంటలు పెరిగితే ఫలితం పెరుగుతుందనడానికి గట్టి ఆధారం దొరకలేదు. ఈ ఒక్క వాక్యం తెలుగులో ప్రతి డీఈఐసీ గోడ మీదా ఉండదగ్గది.

ఇంకో ప్రమాదం మూలకణాలది. బిడ్డకు మూలకణాలు ఎక్కిస్తే ఆటిజం తగ్గుతుందని చెప్పి లక్షలు వసూలు చేసే ఆస్పత్రులు దేశంలో పుట్టుకొచ్చాయి. ఆమోదించిన కొద్ది జబ్బులకు తప్ప, క్లినికల్ ట్రయల్ బయట మూలకణాలు వాడటం తప్పని భారత వైద్య పరిశోధన మండలి 2017 మార్గదర్శకాలు చెబుతున్నాయి. ఆటిజానికి ఈ చికిత్సను సిఫారసు చేయబోమని, దాన్ని ప్రచారం చేయడం వృత్తిపరమైన తప్పిదమని జాతీయ వైద్య కమిషన్ నైతిక విభాగం 2022లో స్పష్టం చేసింది. ఆశతో వచ్చే తల్లిని ఆపడానికి నిషేధం ఒక్కటే చాలదు. పనిచేసేదేదో చూపించాలి, పనిచేయనిదాన్ని పరీక్షించి మరీ చెప్పాలి. ఆక్సిటోసిన్ విషయంలో అమెరికా ఆ పనే చేసింది. ముక్కులో కొట్టుకునే ఈ హార్మోను స్ప్రే పిల్లల్లో కలివిడితనం పెంచుతుందని ఆశలు రేగి, కొందరు డాక్టర్లు రాయడం మొదలుపెట్టారు. ఎన్‌ఐహెచ్ నిధులతో 290 మంది పిల్లలపై పరీక్ష జరిగింది. ఉత్తుత్తి స్ప్రే ఇచ్చినవాళ్లకూ అసలుది ఇచ్చినవాళ్లకూ తేడా లేదని 2021లో తేలింది.

మన దగ్గరే తేల్చుకోవలసిన ప్రశ్నలు ఇంకొన్ని ఉన్నాయి. ఇంట్లో తెలుగు, బడిలో ఇంగ్లిష్, ఇరుగుపొరుగుతో హిందీయో ఉర్దూనో. మాటలు ఆలస్యమైన పిల్లవాడితో ఒకే భాష, అదీ ఇంగ్లిషే మాట్లాడమన్న సలహా చాలా ఇళ్లలో వినిపిస్తుంది. అమెరికాలోని తెలుగు కుటుంబాలకూ ఈ సలహా కొత్త కాదు. మాంట్రియల్‌లో ఆటిజం ఉన్న 75 మంది పిల్లలపై 2012లో వచ్చిన అధ్యయనంలో, రెండు భాషల మధ్య పెరిగిన పిల్లలు ఒకే భాషలో పెరిగినవాళ్లకంటే అదనంగా వెనకబడలేదు. నానమ్మతో ముచ్చట్లాడే భాషను పిల్లవాడి నుంచి లాక్కోవడం చిన్న నష్టం కాదు. అలాగే పాక్ట్ లాంటి పద్ధతి తల్లీబిడ్డా ఇద్దరే కూర్చుని ఆడే అరగంట మీద నడుస్తుంది. తల్లి పత్తి చేలో కూలికి వెళ్లి, పగలంతా పిల్లవాణ్ని అమ్మమ్మ చూసుకునే ఇంట్లో ఆ శిక్షణ ఎవరికివ్వాలి? వీడియో చూపించి మీరిక్కడ ఇలా చేయొచ్చు అంటే, తప్పు పట్టారని నొచ్చుకునే పెద్దలతో ఎలా మాట్లాడాలి? మగపిల్లలకు మాటలు ఆలస్యంగా వస్తాయిలే అని సర్దిచెప్పే ఇంటికి బిడ్డకు రెండేళ్లు నిండకముందే ఎలా చేరుకోవాలి? ఏ మాంచెస్టర్ పరిశోధకుడూ మనకోసం ఈ జవాబులు వెతకడు.

ఆటిజంతోనే పెరిగి పెద్దవాళ్లయినవారి మాట కూడా ఈ పరిశోధనలో వినబడాలి. కళ్లలోకి చూడటం, చేతులు ఊపకుండా ఉండటం లాంటివాటినే విజయంగా కొలిచిన పాత పరీక్షలు తమకు చేసిన గాయాల గురించి వాళ్లు ఏళ్లుగా చెబుతున్నారు. చిన్నపిల్లల ఆటిజం చికిత్సలపై వచ్చిన 150 పరిశోధన పత్రాలను 2021లో పరిశీలిస్తే, 139 పత్రాల్లో దుష్ఫలితాల ప్రస్తావనే లేదు. మాత్రను పరీక్షించేటప్పుడు వాంతులయ్యాయా అని అడిగే శాస్త్రం, థెరపీని పరీక్షించేటప్పుడు పిల్లవాడు భయపడ్డాడా అని అడగలేదు. కొలమానం ఏమిటో నిర్ణయించే గదిలో ఆటిస్టిక్ పెద్దలకు, తల్లిదండ్రులకు కుర్చీ వేయడం నిధులిచ్చే ప్రభుత్వం పెట్టదగిన మొదటి షరతు.

క్యాథరిన్ లార్డ్, టోనీ చార్మన్ నాయకత్వంలోని లాన్సెట్ కమిషన్ 2021 డిసెంబరులో చెప్పిందీ ఇంచుమించు ఇదే. ప్రపంచంలో కనీసం 7.8 కోట్ల మంది ఆటిజంతో జీవిస్తున్నారని, చాలామందికి తగిన సాయం అందడం లేదని, ఇప్పుడు బతుకుతున్నవారి జీవితాలను మెరుగుపరిచే ఆచరణాత్మక పరిశోధనకు ప్రభుత్వాలు ప్రాధాన్యం ఇవ్వాలని ఆ కమిషన్ కోరింది. తక్కువ వనరులున్న దేశాలను దృష్టిలో పెట్టుకుని, అందరికీ ఒకే మోతాదు కాకుండా అవసరాన్ని బట్టి మెట్టుమెట్టుగా సాయం పెంచుకుంటూ పోవాలని సూచించింది. ఆ కమిషన్‌లో గోవా ప్రయోగంలో పాలుపంచుకున్న డాక్టర్ గౌరీ దివాన్ కూడా సభ్యురాలు.

డబ్బు మాటేమిటి? పరిశోధన, అభివృద్ధి మీద భారత్ పెట్టే మొత్తం ఖర్చు 2020-21లో జీడీపీలో 0.64 శాతమే. 2023లో చేసిన చట్టంతో ఏర్పడిన అనుసంధాన్ జాతీయ పరిశోధన ఫౌండేషన్‌కు ఐదేళ్లలో 50,000 కోట్ల రూపాయలు సమకూరుస్తామన్నారు. అందులో ప్రభుత్వ వాటా 14,000 కోట్లు, మిగతాది పరిశ్రమలు, దాతల నుంచి రావాలి. పరిశ్రమకు లాభం చూపించే అంశాలకు పరిశ్రమే ముందుకొస్తుంది. ఆరోగ్య కార్యకర్త నేర్పే అరగంట ఆటకు పేటెంటు ఉండదు. కాబట్టి ఆ పరీక్షకు ప్రభుత్వం పెట్టకపోతే ఇంకెవరూ పెట్టరు.

రెండు తెలుగు రాష్ట్రాల్లో ఇలాంటి పరీక్షకు కావలసిన మనుషులు ఇప్పటికే జీతాల మీద ఉన్నారు. అంగన్‌వాడీ టీచర్లున్నారు, ఆశాలున్నారు, భవిత కేంద్రాల్లో ప్రత్యేక అవసరాల పిల్లలతో పనిచేసే రిసోర్స్ టీచర్లున్నారు, డీఈఐసీలున్నాయి, సికింద్రాబాద్‌లో నీపిడ్ ఉంది. ఉమ్మడి ఆదిలాబాద్, శ్రీకాకుళం, అనంతపురం లాంటి దూరపు జిల్లాలను ముందు ఎంచుకోవచ్చు. తల్లిదండ్రుల ద్వారా సాగే శిక్షణను తెలుగులో, ఉర్దూలో, గోండి, కోయ మాట్లాడే ఇళ్లకు వాళ్ల మాటల్లో సిద్ధం చేయాలి. తొమ్మిది బృంద తరగతులు, మూడు ఇంటి సందర్శనలతో ప్రపంచ ఆరోగ్య సంస్థ రూపొందించిన సంరక్షకుల శిక్షణ కూడా ఒక జట్టుకు ఇచ్చి పోల్చవచ్చు. అందరికీ ఒకేసారి ఇవ్వగలిగే సిబ్బంది ఎలాగూ లేరు కాబట్టి, ఏ మండలాలకు ముందు, ఏ మండలాలకు ఏడాది తర్వాత అన్నది లాటరీతో నిర్ణయిస్తే న్యాయంగానూ ఉంటుంది, పోలికకూ వీలవుతుంది. శిక్షణ ఇచ్చే కార్యకర్తకు ఇది మరో వెట్టి బాధ్యత కాకుండా విడిగా వేతనం, ఆమెకు సలహా ఇచ్చే నిపుణుడి ఖర్చు బడ్జెట్‌లోనే చూపించాలి.

ఇంకో పద్దు మొదటి రోజే రాసుకోవాలి. మాంచెస్టర్ ఫలితం ఆరేళ్లకు గానీ బయటపడలేదు. మూడేళ్ల గ్రాంటు ముగిసిన రోజునే ఫైలు కట్టేసి ఉంటే అది ఎప్పటికీ తెలిసేది కాదు. ఇక్కడ శిక్షణలో చేరిన పిల్లలను బడిలో చేరాక ఒకసారి, పదో తరగతి వయసులో మరోసారి, ఉద్యోగం వెతుక్కునే వయసులో ఇంకోసారి కలవాలి. మా తర్వాత వీడినెవరు చూస్తారని తల్లిదండ్రులు అడిగే ప్రశ్నకు సంబంధించిన సమాచారం ఆ చివరి సందర్శనల్లోనే దొరుకుతుంది. కుటుంబాలు ఊళ్లు మారతాయి, ఫోన్ నంబర్లు మారతాయి. వాళ్లను వెతికి పట్టుకునే క్షేత్ర సిబ్బంది జీతం పదిహేనేళ్ల పాటు ఆగకుండా వచ్చేలా రాష్ట్రం, కేంద్రం కలిసి ఒప్పందం రాసుకోవాలి. ఫలితం ఎటు వచ్చినా దాన్ని తెలుగులో ప్రచురించాలన్న షరతు కూడా ఆ ఒప్పందంలోనే ఉండాలి.